రైతుల ఇండ్లకు కాపలా కెమెరాలు



ఇటీవల మన సంఘ కార్యాలయమునకు ఎరువుల కొరకును, బాకీ చెల్లింపుల కొరకును వచ్చు సభ్యులలో పలువురు ఒకే ప్రశ్న వేయుచున్నారు. "ఇంటికిని, పొలములోని షెడ్డుకును సీసీ కెమెరాలు పెట్టింపవలెనని యున్నది. ఎన్ని కావలెను? ఎట్టివి కావలెను?" అని. ఈ ప్రశ్నకు కారణము తెలియనిది కాదు. పూర్వము రైతు సొత్తు చాలవరకు ఇంటిలోను, దొడ్డిలోను ఉండెడిది. నేడు విలువగల సామగ్రి యెంతో పొలమునందే విడిచి రావలసి యున్నది. బోరు మోటారు, స్టార్టరు, రాగి కేబులు, డ్రిప్పు పైపులు, ట్రాక్టరు బ్యాటరీ, కళ్లములో ఆరబోసిన మిరప, ఇవియన్నియు రాత్రివేళ మనిషి లేనిచోట నుండును. కేబులు కోసికొని పోయి, పైతొడుగు కాల్చి, రాగిని అమ్ముకొనువారును, ట్రాన్స్‌ఫార్మరును పగులగొట్టి, నూనెను నేలపాలు చేసి, లోపలి రాగిచుట్టలను ఎత్తుకొని పోవువారును ఆంధ్రమునందును కలరు, తెలంగాణమునందును కలరు. దొంగకు దక్కునది కొద్దిపాటి సొమ్ము. రైతునకు పోవునది పైరుకు నీరందవలసిన దినములు.

కావున కెమెరా అక్కర లేదని నేను చెప్పను. కాని, అనాలోచితముగా కొన్న కెమెరా నిష్ప్రయోజనమగుట మాత్రమే గాక, అపాయకరము కూడ నగునని నా అభిప్రాయము. ఈ అభిప్రాయము నాకు పుస్తకములవలన కలిగినది కాదు. నా తప్పువలన కలిగినది. దానిని దాచక చెప్పుట నా విధి.

నా అనుభవము

మూడేండ్ల క్రిందట నేను పట్టణములోని యొక దుకాణమునకు పోయి, నాలుగు కెమెరాలు, ఒక రికార్డరు కలిపి ఒకే మూటగా కొంటిని. "రాత్రి నూరడుగుల వరకు కనబడును" అని పెట్టెమీద వ్రాసియుండెను. ఏ కెమెరా ఎక్కడ పెట్టవలెనని నేను అడుగలేదు, వారు చెప్పలేదు. బిగించుటకు వచ్చిన కుఱ్ఱవాడు నిచ్చెన చేరినంత ఎత్తున, షెడ్డు కప్పుకు దిగువగా, దొడ్డి యంతయు ఒక్క చూపులో కనబడునట్లు బిగించి పోయెను. సెల్లుఫోనులో దొడ్డి, గడ్డివామి, మోటారు గది, ఆవలి చేను కూడ కనబడుచుండగా నేను మిక్కిలి సంతసించితిని.

ఆరు నెలలకు ఒకనాటి రాత్రి మోటారు కేబులు పోయినది. తెల్లవారి బొమ్మ తిప్పి చూచితిమి. మనిషి యొకడు దొడ్డిదారిని వచ్చెను, వంగెను, పోయెను. ముఖమున్న చోట తెల్లని మచ్చ మాత్రమే యున్నది. తలకు చుట్టిన తువ్వాలు తెల్లగా నుండెను. మా యింట తొమ్మిదేండ్లనుండి పనిచేయుచున్న పాలేరు నిత్యము తెల్లతువ్వాలే చుట్టుకొనును. ఇంటిలో ఒకరు "నడక వానిదే" అనిరి. ఇంకొకరు "తువ్వాలు చూడుడు" అనిరి. అట్లు అనగా అనగా నాకును అట్లే కనబడినది. అతనిని పిలిచి అడిగితిని. అతడు సెల్లుఫోను వంక చూచి, "అయ్యగారూ, ఆ బొమ్మలో నా మొగం కనబడిందా?" అని మాత్రమనెను. నేను బదులు చెప్పలేకపోతిని. అతడు మరునాటినుండి పనికి రాలేదు.

రెండు నెలల పిమ్మట వేరొక ఊరిలో కేబులు దొంగలు పట్టుబడిరి. మా పొలము సంగతి కూడ వారే యొప్పుకొనిరి. వారిలో ఆనాడు మా దొడ్డికి వచ్చినవాడు చుట్టుకొన్నది ఎఱ్ఱ తువ్వాలట! రాత్రి కెమెరా కంటికి కనబడని పరారుణ కాంతితో చూచును. ఆ వెలుగులో రంగులుండవు. పగలు ఎఱ్ఱగానో నల్లగానో ఉండు అద్దకపు బట్టలు అనేకములు ఆ వెలుగును తిరుగగొట్టి తెల్లగా అగపడును. ఈ చిన్న సంగతి తెలియక ఒక నమ్మకమైన మనుష్యుని దొంగను చేసితిని. నేను పోయి క్షమాపణ వేడితిని. అతడు మన్నించెను గాని, మరల మా యింటికి రాలేదు.

కెమెరా లేకున్నచో నా కేబులు మాత్రమే పోయెడిది. చెడ్డ కెమెరా యుండుటవలన కేబులును పోయినది, మనిషియు పోయెను. అస్పష్టమైన బొమ్మలో మనము చూచునది దొంగను కాదు. మనము ముందే అనుమానించిన వానిని. ఈ వ్యాసములో చెప్పదలచిన ముఖ్యాంశమిదియే.

ముందు అడుగవలసిన ప్రశ్న

కొనబోవునపుడు "ఎన్ని మెగాపిక్సెళ్లు?" అని అడుగుట మన కలవాటైనది. దానికి ముందు మనలను మనమే అడుగుకొనవలసిన ప్రశ్న వేరు. ఈ చోట నాకేమి తెలియవలెను? ఎవరో వచ్చిరని తెలిసిన చాలునా? వచ్చినవాడు ఎవడో తెలియవలెనా?

ఈ రెండింటికిని గల భేదమును కొలుచుటకు ఒక లెక్క కలదు. కెమెరా బొమ్మ యనగా సన్నని చుక్కల కూర్పు. ఆ చుక్కలకే పిక్సెళ్లని పేరు. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘమువారు 2014లో ప్రకటించిన ప్రమాణము ననుసరించి, మనిషి నిలిచిన చోట ఒక మీటరు వెడల్పునకు 25 చుక్కలు పడినచో ఎవరో ఉన్నారని మాత్రమే తెలియును. సుమారు 62 పడినచో వేషము, కదలిక కొంత తెలియును. 125 పడినచో ముందే ఎరిగిన మనిషిని పోల్చుకొనవచ్చును. ఎరుగని మనిషి ముఖమును నిస్సందేహముగా గుర్తించుటకు 250 కావలెను.

సాధారణముగా అమ్మబడు 2 మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మలో అడ్డముగా 1920 చుక్కలుండును. 1920ని 250 చేత భాగించినచో ఏడున్నర మీటర్లకు కొంచెము మించును, అనగా 25 అడుగులు. కాబట్టి ముఖము గుర్తింపవలసిన చోట ఆ కెమెరా చూపు వెడల్పు 25 అడుగులకు మించరాదు. దొడ్డి యంతయు, అనగా నూరడుగుల వెడల్పు చూపించినచో మనిషి కనబడునే గాని ముఖము దక్కదు. 4 మెగాపిక్సెళ్లది కొన్నను, అడ్డముగా 2560 చుక్కలే గనుక ఈ 25 అడుగులు సుమారు 33 అగునే గాని రెట్టింపు కావు. సంఖ్య రెట్టింపైనంత మాత్రమున చూపు రెట్టింపు కాదని సోదరులు గమనింతురు గాక.

రెండవది కటకము. దుకాణములో మాటలాడక ఇచ్చునది 2.8 మిల్లీమీటర్ల కటకము. అది మిక్కిలి వెడల్పుగా చూచును. 2 మెగాపిక్సెళ్ల కెమెరాలో దానితో ముఖము గుర్తుపట్టగల దూరము 10 నుండి 13 అడుగులు మాత్రమే. 4 మిల్లీమీటర్లదానికి 15 అడుగుల చుట్టుపట్ల, 6 మిల్లీమీటర్లదానికి 25 అడుగులు, 12 మిల్లీమీటర్లదానికి 50 అడుగులు అని స్థూలముగా లెక్క వేసికొనవచ్చును. ఇవి పగటి లెక్కలు. రాత్రి, అందునను మనిషి నడచుచున్నపుడు, ఇంతకంటె తగ్గును. పెట్టెమీద వ్రాసిన "నూరడుగులు" అనగా నూరడుగుల దూరమున ఏదో కదలినట్లు తెలియునని అర్థము గాని, ముఖము కనబడునని కాదు.

ఎక్కడ పెట్టవలెను?

దొంగ ఎటు పోయినను తప్పక దాటవలసిన ఇరుకు చోటు ప్రతి యింటికిని ఒకటియో రెండో యుండును. వీధిగుమ్మము, దొడ్డిగవను, పొలము బాటనుండి షెడ్డుకు తిరుగు మలుపు, ఇట్టివి. ముఖము పట్టు కెమెరా అచ్చట నుండవలెను. ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తు చాలును. పదునైదు అడుగుల ఎత్తున బిగించినచో తలపాగా తప్ప మరేమియు కనబడదు. నా దొడ్డిలో జరిగిన దదియే. దొడ్డి నంతయు చూచు వెడల్పు కెమెరా వేరుగా ఒకటి యుండవచ్చును. అది ఎప్పుడు వచ్చిరి, ఎందరు, ఎటు పోయిరి యని చెప్పును. ఈ రెండు పనులను ఒకే కెమెరాచేత చేయింపబోవుట, ఒకే ఎద్దును అరకకును గానుగకును ఒకమారే కట్టుట వంటిది.

పశువుల కొట్టము లోపల కెమెరా పెట్టకుడు. మూత్రమునుండి వెలువడు అమ్మోనియా ఆవిరి రాగిని, అతుకులను తినివేయును. గడ్డి నలుసులు అద్దమును కప్పును. కొట్టము వెలుపల, ద్వారమునకు ఎదురుగా నొక స్తంభమునకు బిగించుట మేలు. రేకుల కప్పునకు ఆనించి పెట్టినచో వేసవి మధ్యాహ్నములలో యంత్రము ఓర్వలేని వేడి పుట్టును. నీడయు, గాలియు తగులు చోటు చూడవలెను. తూర్పు పడమరలకు సూటిగా మొగము పెట్టిన కెమెరాకు ఉదయ సాయంకాలములు కండ్లు చెదరును. వెలుపల పెట్టు కెమెరాపై ఐపీ 66 గాని, ఐపీ 67 గాని గుర్తుండవలెను. మొదటి 6 దుమ్ము చొరదనియు, రెండవ అంకె నీటికి తాళుననియు తెలుపును. తీగెలను ఎలుకలు కొరకును, కోతులు పీకును. వానిని గొట్టములో దూర్చి గోడకు గట్టిగా బిగింపవలెను.

చీకటిని గూర్చి

మన దొంగతనములు రాత్రివేళ జరుగునవే యెక్కువ. కావున కెమెరాకంటె ముందు దీపమును గూర్చి ఆలోచింపుడు. గవను దగ్గర మంచి దీపమొకటి వెలుగుచున్నచో సాధారణపు కెమెరా కూడ రంగులతో కూడిన బొమ్మ నిచ్చును, దొంగకు జంకును పుట్టును, ఇంటివారికి తేలు, పాము కనబడును. పరారుణ కాంతితో చూచు కెమెరాలలో 850 నానోమీటర్లవి దూరము చూచును గాని సన్నని ఎఱ్ఱని మెరపు కనబడును. 940 నానోమీటర్లవి మెరపు కనబడనీయవు గాని అంత దూరము చూడవు. రెండింటికిని శత్రువు సాలెపురుగు. ఆ వెచ్చదనమునకును, పురుగులకును ఆశపడి అది అద్దము ముందు గూడు కట్టును. గూటిదారములు తెల్లగా మెరసి బొమ్మ నంతయు పొగ చేయును. దగ్గరనున్న సున్నపు గోడ కూడ అట్లే చేయును. పదునైదు దినముల కొకసారి మెత్తని గుడ్డతో తుడుచుట, రాత్రివేళ ఒకసారి ఇంటివారే గవనులో నడచి మరునాడు బొమ్మలో తమ ముఖము తెలియుచున్నదా లేదా యని చూచుకొనుట, ఈ రెండును ఖర్చు లేని పనులు. నేను ఈ పరీక్ష మొదటి రాత్రియే చేసియుండినచో పై కథ జరుగకుండెడిది.

తీగెలు, కరెంటు, సూర్యశక్తి

ఇంటికిని, ఇంటిని అంటియున్న కొట్టమునకును తీగె కెమెరాయే నమ్మదగినది. ఒకే నెట్‌వర్కు తీగెలో కరెంటును, బొమ్మను పంపు పద్ధతి యున్నది. ఆ తీగె 100 మీటర్ల వరకు పనిచేయును. వైఫై కెమెరా బిగించుట సులువు. కాని మందపు మట్టిగోడలు, ఇనుపరేకులు దాని తరంగములకు అడ్డు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము 5 గిగాహెర్ట్జ్ దానికంటె దూరము పోవును గనుక దొడ్డిలో మొదటిదే వాడదగినది.

కరెంటు పోయినచో కెమెరా గ్రుడ్డిది. దొంగకు కావలసినదియు నదే. ఒక్కొక్క కెమెరా తినునది ఇంచుమించు 5 వాట్లు. నాలుగు కెమెరాలు, రికార్డరు కలిసి 40 వాట్లకు లోపుగా సరిపోవును. ఇంటిలో ఇన్వర్టరు ఉన్నచో వీనిని దానికే కలుపవలెను. 12 వోల్టుల 7 ఆంపియర్ గంటల చిన్న బ్యాటరీపై రెండు గంటలకు మించి నడువదని ఎరుంగుడు. పొలములోని మోటారు గదియందు కెమెరాను వ్యవసాయపు లైనుకు కలుపుట మరియొక పొరపాటు. ఆ లైనులో కరెంటు పగటివేళ గంటల లెక్కన వచ్చు చోట్ల, రాత్రి కెమెరా నిద్రపోవును, దొంగ మేలుకొనును.

అట్టిచోట సూర్యశక్తితో నడచుచు, సిమ్ కార్డు ద్వారా బొమ్మ పంపు కెమెరా ఉపయోగపడును. దాని లోపములు కూడ తెలిసి కొనవలెను. బ్యాటరీ పొదుపునకై అది ఎల్లప్పుడు నిద్రించుచు, వెచ్చని దేహము కదలినపుడు మాత్రము మేలుకొనును. మేలుకొనుటకు ఒకటి రెండు క్షణములు పట్టును గనుక వేగముగా దాటిపోవువాని వీపు మాత్రమే చిక్కును. నడిచి వచ్చుచోట కాక, ఆగి తాళము తీయు చోటునకు గురిపెట్టినచో ఈ లోపము తీరును. మరియు రోహిణి కార్తెలో రాత్రిగాలి కూడ దేహముతో సమానమైన వేడితో నుండునపుడు ఆ యంత్రమునకు మనిషికిని గాలికిని భేదము సరిగా తెలియదు. పశువులున్న చోట అది రాత్రి యంతయు మేలుకొనుచునే యుండి తెల్లవారకమున్నే బ్యాటరీ ఖాళీచేయును. పలకమీది దుమ్మును వారమునకొకసారి కడుగవలెను.

ఫోనునకు వచ్చు హెచ్చరికలను గూర్చి ఒక మాట. తాటియాకు కదలినను, పిల్లి పోయినను ఫోను మ్రోగినచో నాలుగవ దినమున మనము దానిని నోరు మూయింతుము. అయిదవ దినమున నిజముగా దొంగ వచ్చును. "నాన్నా పులి" కథ మనకు క్రొత్త కాదు. మనిషిని, వాహనమును వేరుగా గుర్తించి మ్రోగు కెమెరానే ఎన్నుకొనవలెను. అపుడైనను, మ్రోగిన వెంటనే లేచి వచ్చు పొరుగువాడు లేనిచో ప్రయోజనమేమి? దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన సామెతవలె నగును.

బొమ్మలను ఎన్నాళ్లు, ఎక్కడ దాచవలెను?

ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున వ్రాయుచున్నచో దినమునకు సుమారు 22 జీబీ యగును. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్కు పదునొకండు దినములకు నిండిపోయి, పాతవానిపై క్రొత్తవి వ్రాయబడును. పెండ్లికో యాత్రకో పోయి పక్షము తరువాత వచ్చిన రైతునకు తన యింట జరిగినది కనబడదు. నాలుగు కెమెరాల బదులు సరియైన చోట రెండు పెట్టినచో అదే డిస్కు ఇరువది మూడు దినములు దాచును. కెమెరాలోనే చిన్న కార్డుపై దాచుట చౌకయే గాని, కెమెరాను పీకుకొని పోయినవాడు సాక్ష్యమును కూడ పట్టుకొని పోవును. రికార్డరును ముందుగదిలో టీవీ ప్రక్కన పెట్టక, తాళముగల లోపలి గదిలో గాలి తగులు చోట దాచవలెను. దాని గడియారము సరిగా నున్నదా యని నెలకొకసారి చూడవలెను. గంట తప్పిన గడియారము నిర్దోషిని దోషిగాను, దోషిని నిర్దోషిగాను చూపును.

కంచె చేను మేయకుండ

ఇంటర్నెట్టుకు కలిపిన కెమెరాకు తాళపుచెవి రహస్యపదము. కొన్నపుడు దానితో వచ్చిన పదమును మార్చక విడుచుట, గవనుకు తాళము వేసి చెవిని దానికే వ్రేలాడదీయుట వంటిది. 2016వ సంవత్సరమున మిరాయి యను దుష్ట ప్రోగ్రాము లోకములోని లక్షలాది కెమెరాలను, రికార్డర్లను ఈ మార్గముననే వశపరచుకొని, అక్టోబరు 21వ తేదీన అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు పనిచేయకుండ చేసినది. తమ కెమెరా అట్టి పని చేయుచున్నదని సొంతదారులు ఎరుగరు. మన దేశమున కేంద్రప్రభుత్వమువారు 2024 ఏప్రిల్‌లో కెమెరాల భద్రతకు నియమములు ప్రకటించి, 2025 ఏప్రిల్ 9వ తేదీనుండి పరీక్ష నెగ్గిన వానినే అమ్మవలెనని నిర్ణయించిరి. కావున పేరును, గుర్తును, బిల్లును లేని చౌక కెమెరాను సంతలో కొనకుడు. బిగించుటకు వచ్చినవాని యెదుటనే రహస్యపదమును మార్చి, అతడు పోయిన పిమ్మట మరల మార్చుడు.

పొరుగువాని గౌరవము

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. కెమెరా మన గవనును చూచుటకు వచ్చినది గాని, ఎదురింటి వాకిలిని చూచుటకు కాదు. గట్టు తగవు ఉన్న పొరుగువాని దొడ్డివైపు కెమెరా త్రిప్పుటతో ఆ తగవు రెండు తరములకు పాకును. పొలములోని బోరు తొట్టివద్ద కూలికి వచ్చిన స్త్రీలు కాళ్లుచేతులు కడుగుకొందురు, చీరలు మార్చుకొందురు. ఆ చోట కెమెరా పెట్టుట నీచము, నేరము కూడ. స్త్రీలు ఏకాంతముగా నున్నపుడు చాటుగా చూచుటయు, బొమ్మ తీయుటయు భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షనుక్రింద శిక్షార్హములు. అన్నదమ్ములు ఉమ్మడిగా నున్న ఇంటిలో ఒకరి సమ్మతి లేక మరియొకరు నివాసభాగమున కెమెరాలు నడుపరాదని 2025లో కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పగా, సుప్రీంకోర్టు అందులో జోక్యము చేసికొనలేదు. మన గ్రామములలో పాలు పంచుకొనని ఇండ్లు ఎన్నియో కలవు గనుక ఈ సంగతి గుర్తుంచుకొనదగినది. కెమెరా ఉన్నదని తెలుపు చిన్న పలక గవనువద్ద కట్టుట మర్యాద. దొంగకు హెచ్చరిక కూడ.

దొంగతనము జరిగిన పిమ్మట బొమ్మను ఊరందరి ఫోనులకు పంపుట తగదు. నాలుగు గోడలమధ్య నేను చేసిన తప్పే ఒక మనిషిని పని మాన్పించినది. ఊరంతయు చేసిన తప్పు మనిషినే చంపవచ్చును. రికార్డరును కదలింపక, పోలీసులకు తెలిపి, బొమ్మను వారికి ఒప్పగింపవలెను. కోర్టులో అట్టి బొమ్మ చెల్లుటకు భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ధ్రువపత్రము కావలెను. ఈ చట్టము 2024 జులై 1వ తేదీనుండి అమలులో నున్నది.

సంఘము చేయదగిన పని

ఇంత చెప్పిన పిమ్మట, "ఒక్కొక్క రైతు ఇన్ని లెక్కలు ఎట్లు చూచుకొనును?" అని అడుగుదురు. నిజమే. విత్తనములు, ఎరువులు కలిసి కొనుటయందు గల లాభము మనకు తెలియును. ఇందునను అట్లే చేయరాదా? ముప్పది కుటుంబములు ఒకే రకము కోరినచో వెల తగ్గును. చెడినపుడు మార్చుటకు ఒకటి రెండు కెమెరాలు సంఘము వద్దనే యుంచవచ్చును. ఊరిలోని చదువుకొన్న యువకుని యొకనిని ఈ పనిలో నేర్పరిని చేసినచో అతనికి జీవనము, మనకు పట్టణపు ప్రయాణము తప్పును. ఇంటింటికి పోయి, తాడుతో దూరము కొలిచి, ఏ చోట ఏ కటకమో వ్రాసి యిచ్చిన తరువాతనే కొనవలెను.

ఊరి మొగదలను, ట్రాన్స్‌ఫార్మర్లున్న చోట్లను ఒక్కనిచే కాదు; అవి ఉమ్మడి పని. తెలంగాణ పోలీసులు "నేను సైతం" అను పేర ప్రజల విరాళములతో వీధులలో కెమెరాలు పెట్టించిరి. ఆ మార్గమున మనమును పోవచ్చును. కాని ఉమ్మడి కెమెరాకు ముందు ఉమ్మడి నియమములు వ్రాయవలెను. బొమ్మలు ఎవరు చూడవచ్చును? ఎన్నాళ్లు ఉంచవలెను? చూచినపుడెల్ల పుస్తకములో సంతకము పెట్టవలెనా? ఎవరు ఎవరి యింటికి పోయిరి, ఏ కూలి ఎప్పుడు కూర్చుండెను అని చూచుటకు అది వినియోగపడరాదు. మహాసభలో ఈ నియమములు అంగీకరింపబడిన పిమ్మటనే తీగె లాగవలెను.

"దొంగ ముఖమునకు గుడ్డ కట్టుకొని వచ్చును గదా, ఇదియంతయు ఎందుకు?" అని కొందరందురు. గుడ్డ కట్టుకొన్నను వచ్చిన వేళ, వచ్చినవారి సంఖ్య, బండి, పోయిన త్రోవ దాగవు. అంతకంటె ముఖ్యముగా, ఆ వేళకు తన గుడిసెలో నిద్రించుచున్నవాడు నిర్దోషియని తేలుటకు కూడ మంచి బొమ్మ సాక్ష్యమగును. దొంగను పట్టుట ఎంత అవసరమో, దొంగ కానివానిని కాపాడుట అంత అవసరము.

మరికొందరు "కెమెరా వచ్చినది గదా, ఇక కాపలా యెందుకు?" అందురు. మిరప కళ్లములో మంచము వేసికొని పండుకొను వాడుక మానుడని నేను చెప్పను. కెమెరా మొరగదు, కేక వేయదు, కఱ్ఱ పట్టదు. జరిగినది చెప్పును, అంతే. గట్టి తాళము, వెలుగు దీపము, మేలుకొన్న కుక్క, పిలిచిన పలుకు పొరుగు, ఈ నాలుగింటి తరువాత అయిదవది కెమెరా. మొదటి నాలుగును లేనివాడు అయిదవదానిని కొని నిశ్చింతగా నిద్రించినచో తన్ను తాను మోసగించుకొనుచున్నాడు.

నా నాలుగు కెమెరాలలో రెండింటిని ఊడదీసితిని. మిగిలిన రెండింటిలో నొకటి గవనువద్ద, ఎనిమిది అడుగుల ఎత్తున, దీపము క్రింద నున్నది. రెండవది దొడ్డిని చూచును. రాత్రి ఎవరు వచ్చినను ముఖము తెలియుచున్నది. ఈ పని మొదటనే చేసియుండినచో తొమ్మిదేండ్ల నమ్మకము మా గవను దాటి పోయెడిది కాదు. పోయిన కేబులునకు మారుగా క్రొత్తది కొంటిని. ఆ మనిషికి మారు లేదు. సోదరులు కెమెరా కొనబోవునపుడు ఈ మాట జ్ఞప్తి యందుంచుకొందురు గాక యని నా మనవి.

— ఒక సభ్యుడు